స్కూల్ నర్సుల శిక్షణ: వీడియో పాఠమా, మనిషి ఆకారపు బొమ్మపై సాధనా?

అంకెలు గుర్తుండటానికి వీడియో చాలు. మూర్ఛ 5 నిమిషాలు దాటితే అత్యవసర మందు. షుగర్ 70 కన్నా తగ్గితే, బిడ్డ మెలకువగా ఉండి మింగగలిగితే, 15 గ్రాముల గ్లూకోజ్. 15 నిమిషాలకు మళ్లీ పరీక్ష. (ఆ బిడ్డకు డాక్టర్ వేరే అంకె రాసిస్తే అదే పాటించాలి.) మరచిపోతే మళ్లీ చూసుకోవచ్చు.

శ్వాస కోసం మెడ దగ్గర రంధ్రం చేసి పెట్టిన ట్రాకియాస్టమీ గొట్టం ఉన్న పిల్లల దగ్గర వీడియో ఒక్కటే పనికిరాదు. కఫం లాగే సన్నని గొట్టాన్ని (సక్షన్ క్యాథెటర్) ముందే కొలిచిన లోతు వరకే దించి, 10 సెకన్లలోపు తీసేయాలి. చూడ్డానికి తేలికే. కంగారులో చెయ్యి లోతుకు తోసేస్తుంది, లోపలి పొర గీరుకుని రక్తం వస్తుంది. ఆలస్యమైతే ఆక్సిజన్ పడిపోతుంది. గొట్టం ఊడితే కొత్తది పెట్టడం కూడా బొమ్మపై, గడియారం పెట్టి చేయించాల్సిందే. బొమ్మ గింజుకోదు కాబట్టి, పక్కనొకరు దాని తల కదుపుతూ ఉండాలి.