చిన్న తెరచాప పడవకి ఏ బ్యాటరీ: లెడ్ యాసిడా, లిథియమా?

పాతిక అడుగుల పడవలో కరెంటు పని సొంతంగా చేసుకునేవాళ్లని ముందుగా పట్టుకునే ప్రశ్న ఇదే. 100 ఆంపియర్ అవర్ల (బ్యాటరీలో పట్టే కరెంటుకి కొలత) లెడ్ యాసిడ్ బ్యాటరీ పాతిక కిలోలకి పైనే తూగుతుంది. పైగా సగానికి మించి ఖాళీ చేస్తూ పోతే త్వరగా చెడిపోతుంది. అంటే చేతికొచ్చేది 50. అదే కెపాసిటీ ఉన్న లిథియం ఐరన్ ఫాస్ఫేట్ (ఇక్కడ లిథియం అంటే ఈ రకమే) బరువు అందులో సగమే, 80 దాకా నిశ్చింతగా వాడుకోవచ్చు.

సోలార్ ప్యానెల్ ఉంటే తేడా ఇంకా బాగా తెలుస్తుంది. లెడ్ యాసిడ్ చివరి 20 శాతం నిండడానికి గంటలు పడుతుంది, మంచి ఎండంతా వృథా. లిథియం చివరిదాకా గబగబా తాగేస్తుంది.

కానీ ఆ ఆబతోనే టెన్షన్. ఇంజిన్ మీద కరెంటు పుట్టించే చిన్న ఆల్టర్నేటర్‌కి నేరుగా కలిపితే ఆ ఆల్టర్నేటరే వేడెక్కి కాలిపోవచ్చు. మధ్యలో డీసీ-డీసీ చార్జర్ (బ్యాటరీ లాగే కరెంటుకి హద్దు పెట్టే పరికరం) పెట్టాల్సిందే, ఆ ఖర్చు ముందే లెక్కేసుకోండి. లెడ్ యాసిడ్‌కి ఈ గొడవ లేదు.

ఏది కొన్నా, ప్లస్ టెర్మినల్‌కి జానెడు దూరంలోనే ఫ్యూజు ఉండాలి. పాత వైరు తొడుగు కొంచెం ఒలిచి చూడండి: రాగి నల్లబడి, పచ్చటి పొడి రాలితే ఉప్పుగాలి లోపలిదాకా వెళ్లినట్టే. తగరం పూత వైరు వేయండి.

పగటిపూట తిరిగొచ్చే పడవైతే లెడ్ యాసిడ్ చాలు. రాత్రిళ్లు లంగరేసి, ఫ్రిజ్ నడిపేవాళ్లకి నా ఓటు లిథియానికే. ఇంజిన్ స్టార్టింగ్‌కి మాత్రం పాత లెడ్ యాసిడ్ బ్యాటరీని విడిగా ఉంచుకోండి.