హిస్టరీ నుంచి బయాలజీకి: ట్రాన్స్‌ఫర్‌కి ముందు మారాలా, తర్వాతా?

కాలిఫోర్నియా కమ్యూనిటీ కాలేజీలో హిస్టరీ చదువుతూ రెండో ఏడాదిలో బయాలజీ మీదకి మనసు మళ్లితే రెండు దారులున్నాయి. ఇంకో ఏడాదో ఏడాదిన్నరో అక్కడే ఉండి సైన్సు కోర్సులు ముగించి యూసీకి, అంటే యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి ట్రాన్స్‌ఫర్ అయి వెళ్లడం ఒకటి. హిస్టరీతోనే సీటు తెచ్చుకుని, చేరాక మేజర్ (డిగ్రీలో ప్రధాన సబ్జెక్టు) మార్చుకోవడం ఇంకొకటి. నా ఓటు మొదటిదానికే.

అసలు చిక్కు బయాలజీకి కావాల్సిన కెమిస్ట్రీతో. జనరల్ కెమిస్ట్రీ రెండు సెమిస్టర్లు. అది పాసైతేనే ఆర్గానిక్, మామూలుగా అదీ రెండు. ఒకటి అవకుండా తర్వాతది తీసుకోనివ్వరు. వేసవిలో ప్రీకాల్క్యులస్ కానిచ్చేసి, ఫాల్‌లో కెమిస్ట్రీ, కాల్క్యులస్ కలిపి మొదలుపెట్టినా ఆర్గానిక్ మొహం చూసేసరికి ఏడాది గడుస్తుంది. ఎక్కడ చదివినా ఈ వరస తప్పదు. రాష్ట్రవాసులకు కమ్యూనిటీ కాలేజీలో యూనిట్‌కి (కోర్సు బరువుకి కొలమానం) 46 డాలర్లు, అంటే 5 యూనిట్ల కెమిస్ట్రీకి 230. యూసీలో ట్యూషన్, ఫీజులే ఏడాదికి 14 వేల డాలర్లు దాటతాయి.

చేరాక మార్చుకోవచ్చులే అన్న ధీమా నన్ను భయపెడుతుంది. కంప్యూటర్ సైన్స్, ఇంజినీరింగ్ లాంటి గిరాకీ మేజర్లలోకి ట్రాన్స్‌ఫర్ విద్యార్థుల్ని మారనివ్వని క్యాంపస్‌లున్నాయి. బయాలజీకి ఒప్పుకున్నా, జూనియర్‌గా, అంటే మూడో ఏడాదిలో చేరి ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) కెమిస్ట్రీతో మొదలుపెడితే రెండేళ్లలో డిగ్రీ చేతికి రావడం కష్టం.

"రెండేళ్లూ దండగేనా?" అని తల్లిదండ్రులు అడుగుతారు. ఇంటర్‌లో హెచ్‌ఈసీ తీసుకుంటే బీటెక్ దారి మూసుకుపోయే చోటు నుంచి వచ్చాం, ఆ భయం సహజమే. ఇక్కడ హిస్టరీ, ఇంగ్లిష్ కోర్సులు చాలావరకు జనరల్ ఎడ్యుకేషన్‌లో (జీఈ, ఏ మేజర్ వాళ్లయినా చదవాల్సిన కోర్సులు) కలుస్తాయి, ఆ గ్రేడ్లు జీపీఏలోనూ ఉంటాయి.

రెండో దారి కొందరికి నప్పుతుంది. తక్కువ ఆదాయం ఉన్నవాళ్లకు ప్రభుత్వం ఇచ్చే పెల్ గ్రాంట్ జీవితం మొత్తానికి 12 ఫుల్‌టైమ్ సెమిస్టర్లే కాబట్టి అందులో చాలా వాడేసినవాళ్లు ఆలోచించాలి. సైన్సు మీద ఇష్టం నిజమో కాదో తేలనివాళ్లు ముందు ఒక్క కెమిస్ట్రీ క్లాసు తీసుకుని చూడాలి. ఎఫ్-1 (స్టూడెంట్ వీసా) వాళ్లకు 46 డాలర్ల రేటు వర్తించదు, మేజర్ మారితే వీసా కోసం కాలేజీ ఇచ్చే ఐ-20 పత్రం కూడా మార్పించుకోవాలి.

కౌన్సెలర్ దగ్గరికి వెళ్లేముందు అసిస్ట్ వెబ్‌సైట్‌లో మీ కాలేజీ, వెళ్లాలనుకునే క్యాంపస్, మేజర్ పెట్టి చూడండి. ఏయే కోర్సులు కావాలో వరసగా కనిపిస్తాయి. యూసీ అప్లికేషన్లు సమర్పించేది అక్టోబర్, నవంబర్‌లలో. ఈలోగా జీఈ మిగిలిపోయిందని కంగారుపడి కెమిస్ట్రీని వాయిదా వేయకండి. సైన్సు మేజర్లకు యూసీ ముందు చూసేది మేజర్ కోర్సులనే.