ప్రాక్స్‌మాక్స్ వీఈ: లైసెన్సులో మిగిలిన డబ్బు ఎక్కడ పెట్టాలి

ఒకే సర్వర్‌లో చాలా వర్చువల్ మెషీన్లను (క్లుప్తంగా వీఎంలు) నడిపించే సాఫ్ట్‌వేర్ తయారుచేసే వీఎంవేర్ 2023 నవంబరులో బ్రాడ్‌కామ్ చేతికి వెళ్లింది. ఆ డిసెంబరులోనే శాశ్వత లైసెన్సుల అమ్మకం ఆగిపోయింది. ఇప్పుడు ప్రాసెసర్ కోర్ల లెక్కన చందా కట్టాలి, ఒక సాకెట్‌లో (అంటే ఒక ప్రాసెసర్‌లో) ఎనిమిది కోర్లే ఉన్నా 16 కోర్లకు బిల్లు పడుతుంది. రెండు మూడు సర్వర్ల మీద ట్యాలీ, ఒక ఈఆర్‌పీ, ఫైల్ సర్వర్, యూజర్ల లాగిన్లు చూసే డొమైన్ కంట్రోలర్ నడుపుకునే ఆఫీసులకూ ఆసుపత్రులకూ కాలేజీలకూ ఈ లెక్క గిట్టుబాటు కావడం లేదు. అలాంటివాళ్లు ముందుగా చూస్తున్నది అదే పని చేసే ప్రాక్స్‌మాక్స్ వీఈ. వియన్నా సంస్థ తయారుచేసేది, 2008 నుంచీ ఉంది. డెబియన్ లినక్స్ మీద కేవీఎం (వీఎంలు నడిపేది), ఎల్‌ఎక్స్‌సీ (తేలికపాటి కంటైనర్లు నడిపేది) కలిపి ఇస్తుంది. డెబియన్ 13 ఆధారంగా 9వ వెర్షన్ 2025 ఆగస్టులో వచ్చింది.

మా తీర్పు ముందే చెప్పేస్తాం: చిన్న, మధ్య తరహా సంస్థలు నిశ్చింతగా తీసుకోవచ్చు. అయితే లైసెన్సులో మిగిలిన డబ్బంతా లాభం కింద రాసుకుంటే ఏడాది తిరక్కముందే చిక్కుల్లో పడతారు. అందులో మంచి భాగం డిస్కులకూ, నెట్‌వర్క్ కార్డులకూ, విడిగా ఒక బ్యాకప్ మెషీన్‌కూ వెళ్లాలి.

ఇన్‌స్టాలేషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పావుగంటలో అయిపోతుంది, ఆపైన బ్రౌజర్‌లో 8006 పోర్టు తెరిస్తే చాలు. చందా లేకుండా అప్‌డేట్ చేయబోతే 401 ఎర్రర్ వస్తుంది, ఎందుకంటే చందాదారులకు మాత్రమే ఉన్న ఎంటర్‌ప్రైజ్ రిపాజిటరీ (అప్‌డేట్లు దించుకునే చోటు) ముందే ఆన్ చేసి ఉంటుంది. దాన్ని ఆపి నో-సబ్‌స్క్రిప్షన్ రిపాజిటరీ చేర్చుకోవాలి. సాఫ్ట్‌వేర్‌లో ఏ ఫీచరూ తాళం వేసి ఉండదు, చందా ఉన్నా లేకున్నా అవే ఫీచర్లు. ఇది ఈ ఉత్పత్తిలో మాకు బాగా నచ్చిన విషయం.

అసలు కథ డిస్కుల దగ్గర మొదలవుతుంది. జెడ్‌ఎఫ్‌ఎస్ (డిస్కులను కలిపి ఒక పూల్‌గా చూసుకునే ఫైల్ సిస్టమ్) వాడబోతే, డిస్కులను తానే కలిపి చూపించే రెయిడ్ కార్డు మీద పెట్టకండి. డిస్కులు నేరుగా కనబడేలా హెచ్‌బీఏ (డిస్కులను కలిపే సాదా కార్డు) కావాలి, లేదా కార్డును రెయిడ్ లేని ఐటీ మోడ్‌కు మార్చాలి. డెస్క్‌టాప్ ఎస్‌ఎస్‌డీలు అసలు వద్దు. కరెంటు పోయినప్పుడు కాష్‌లో ఉన్న డేటాను కాపాడే కెపాసిటర్లు వాటిలో ఉండవు కాబట్టి డేటాబేస్ చేసే ప్రతి సింక్ రైటూ (డిస్కులో పడిందని ఖరారయ్యేదాకా ఆగే రాత) ఫ్లాష్ దాకా వెళ్లి తిరిగిరావాలి. మొదట్లో వేగంగానే అనిపించి, నాలుగు వీఎంలు చేరేసరికి అంతా నత్తనడక అవుతుంది, డిస్కు కూడా త్వరగా అరుగుతుంది. ప్రాక్స్‌మాక్స్‌తోనే వచ్చే పీవీఈపెర్ఫ్ కమాండు సెకనుకు ఎన్ని ఎఫ్‌సింక్‌లు (ఇలాంటి ఖరారు రాతలు) పడుతున్నాయో చూపిస్తుంది. 200 కంటే తక్కువ వస్తే ఆ డిస్కు మీద వీఎంలు పెట్టే ఆలోచన మానుకోండి.

ఒక డిస్కు పాడైనా డేటా నిలిచేలా జెడ్‌ఎఫ్‌ఎస్ ఇచ్చే రెయిడ్-జెడ్ విషయంలో చాలామంది లెక్క తప్పుతారు. ఐదు డిస్కుల రెయిడ్-జెడ్1లో 80 శాతం చోటు దక్కుతుందని కాగితం మీద అనిపిస్తుంది. వీఎం డిస్కు బ్లాకు 16 కేబీ, సెక్టారు 4 కేబీ అనుకోండి. నాలుగు సెక్టార్ల డేటాకు ఒక పారిటీ (డిస్కు పోతే డేటాను తిరిగి కట్టడానికి వాడేది) కలిపితే ఐదు. కేటాయింపు రెండు చొప్పున జరగాలి గనుక మరొకటి ఖాళీగా పోయి ఆరవుతుంది. అంటే దక్కేది 67 శాతం. పైగా రాండమ్ రైట్లలో ఆ ఐదు డిస్కుల గుంపు ఇంచుమించు ఒక్క డిస్కులాగే నడుస్తుంది. వీఎంలకు మిర్రర్ జతలే (ఒకే డేటా రెండు డిస్కుల్లో) పెట్టండి, సగం చోటు పోయినా సరే. పూల్ 80 శాతం దాటకుండా చూసుకోండి. ర్యామ్ సంగతి కూడా ఒకటుంది. ప్రాక్స్‌మాక్స్ 8.1కి ముందు వేసిన సిస్టమ్‌లలో జెడ్‌ఎఫ్‌ఎస్ కాష్ సగం ర్యామ్ దాకా తీసుకుంటుంది, తర్వాతి కొత్త ఇన్‌స్టాలేషన్లలో 10 శాతం, గరిష్ఠంగా 16 జీబీ. పాతది అప్‌గ్రేడ్ చేసినవాళ్లు ఆ పరిమితిని చేత్తో పెట్టుకోవాలి.

వీఎంవేర్ సర్వర్ సాఫ్ట్‌వేర్ ఈఎస్‌ఎక్స్‌ఐ నుంచి వీఎంలు తెచ్చుకునే విజార్డు 2024లో వచ్చింది, బాగా పనిచేస్తుంది. ముందు వీఎంవేర్ టూల్స్ తీసేయండి, ఐపీ వివరాలు రాసిపెట్టుకోండి, స్నాప్‌షాట్లు (దాచిపెట్టిన వీఎం పాత స్థితులు) తుడిచేయండి. స్నాప్‌షాట్ ఉంటే కాపీ విపరీతంగా నెమ్మదిస్తుంది. హోస్టులన్నిటినీ నిర్వహించే వీసెంటర్ ద్వారా కాకుండా నేరుగా ఈఎస్‌ఎక్స్‌ఐ హోస్టుకే కలపండి, వేగంలో తేడా స్పష్టంగా తెలుస్తుంది. వీశాన్ (వీఎంవేర్ సర్వర్ల డిస్కులను కలిపే నిల్వ) మీద ఉన్న డిస్కులను విజార్డు తీసుకోదు, ముందు వేరే డేటాస్టోర్‌కు జరపాలి. కాపీ అవుతుండగానే వీఎం నడిపే లైవ్ ఇంపోర్ట్ ఉంది గానీ, మధ్యలో నెట్‌వర్క్ తెగితే అప్పటిదాకా కొత్తగా రాసిన డేటా పోతుంది. డేటాబేస్ సర్వర్‌కు దాని జోలికి వెళ్లొద్దు.

విండోస్ వీఎంను నేరుగా వర్ట్‌ఐఓ స్కజీ (వీఎంల కోసమే చేసిన వేగవంతమైన డిస్కు కంట్రోలర్) మీద లేపితే బూట్ డిస్కు దొరకలేదని నీలి తెర వస్తుంది, ఎందుకంటే బూట్ సమయానికి ఆ డ్రైవర్ లోడ్ కాదు. మొదట డిస్కును సాటాగా పెట్టి బూట్ చేయండి. వర్ట్‌ఐఓ ఐఎస్‌ఓ నుంచి డ్రైవర్లు, గెస్ట్ ఏజెంట్ వేయండి. 1 జీబీ డిస్కు ఒకటి వర్ట్‌ఐఓ స్కజీ మీద చేర్చి, డిస్క్ మేనేజ్‌మెంట్‌లో కనబడిందో లేదో చూడండి. తర్వాత వీఎం ఆపి అసలు డిస్కును స్కజీకి మార్చి, బూట్ ఆర్డర్‌లో మళ్లీ టిక్ పెట్టండి. ఈ చివరి టిక్కే అందరూ మరిచిపోయేది. లినక్స్‌లో నెట్‌వర్క్ కార్డు పేరు సాధారణంగా ఈఎన్‌ఎస్192 నుంచి ఈఎన్‌ఎస్18కి మారుతుంది. కాన్ఫిగ్ ఫైలులో అది మార్చేదాకా సర్వర్ బతికే ఉన్నా పింగ్ రాదు.

క్లస్టర్ (కలిసి పనిచేసే సర్వర్ల గుంపు) రెండు నోడ్లతో, అంటే రెండు సర్వర్లతో కడితే ఒకటి పడిపోగానే రెండోదానికి కోరం (సగానికి మించిన ఓట్లు) ఉండదు. మూడో ఓటుకు ఏదైనా చిన్న డెబియన్ మెషీన్ మీద క్యూడివైస్ (ఓటు మాత్రమే వేసే ప్రోగ్రాము) పెట్టండి. మన ఊళ్లలో కరెంటు పోయి వచ్చాక ఒక నోడే లేచిన సందర్భంలో వీఎంలు స్టార్ట్ కాకపోవడానికి చాలాసార్లు ఇదే కారణం. నోడ్లు ఒకదానితో ఒకటి మాట్లాడుకోవడానికి వాడే కోరోసింక్‌కు వేరే నెట్‌వర్క్ పోర్టు ఇవ్వడం ఇంకా ముఖ్యం. 1 గిగాబిట్ అయినా చాలు, కానీ దాని మీద ఇంకేమీ నడవకూడదు. బ్యాకప్ ట్రాఫిక్‌తో ఒకే లైను నిండిపోతే కోరోసింక్ ప్యాకెట్లు ఆలస్యమై కోరం పోతుంది. హెచ్‌ఏ (నోడ్ పడిపోతే దాని వీఎంలను వేరే నోడ్ మీద లేపే ఏర్పాటు) ఆన్‌లో ఉంటే దాదాపు నిమిషంలో వాచ్‌డాగ్ అనే కాపలా టైమర్ ఆ నోడ్‌ను రీబూట్ చేస్తుంది. రాత్రి బ్యాకప్ వేళ సర్వర్ తనంతట తాను రీబూట్ అవుతుంటే ముందుగా చూడాల్సింది ఇదే.

మూడు నోడ్లు, 10 గిగాబిట్ నెట్‌వర్క్ లేనిదే సెఫ్ (నోడ్ల డిస్కులను కలిపే ఉమ్మడి నిల్వ) వైపు వెళ్లొద్దు. రెండు నోడ్ల ఆఫీసుకు జెడ్‌ఎఫ్‌ఎస్ రెప్లికేషన్ (వీఎం డిస్కులను రెండో నోడ్‌కు కాపీ చేయడం) సరిపోతుంది. డిఫాల్టుగా 15 నిమిషాలకోసారి నడుస్తుంది, 1 నిమిషం దాకా తగ్గించుకోవచ్చు. నోడ్ పోతే చివరి రెప్లికేషన్ తర్వాతి డేటా పోతుందని యజమానికి ముందే చెప్పాలి.

బ్యాకప్‌కు ప్రాక్స్‌మాక్స్ బ్యాకప్ సర్వర్ ఉంది, ఉచితం, నిజంగా గొప్ప పనితనం. మారిన బ్లాకులనే పంపుతుంది, ఒకేలా ఉన్నవాటిని ఒక్కసారే దాచుతుంది. వీఎంను ఆపి మళ్లీ స్టార్ట్ చేస్తే ఆ మార్పుల జాబితా పోయి డిస్కు మొత్తం చదువుతుంది, కంగారు పడనక్కర్లేదు. బ్యాకప్ సర్వర్ నెమ్మదిగా ఉంటే మాత్రం బ్యాకప్ వేళ వీఎం కూడా నెమ్మదిస్తుంది. వీఎం కొత్త డేటా రాయబోయేముందు అక్కడి పాత బ్లాకు బ్యాకప్‌కు చేరాలి కదా. 8.2లో వచ్చిన ఫ్లీసింగ్ ఆ పాత బ్లాకులను లోకల్ డిస్కులో ఉంచి ఈ బాధ తప్పిస్తుంది, బ్యాకప్ జాబ్‌లో అడ్వాన్స్‌డ్ కింద ఆన్ చేయండి. బ్యాకప్‌లను ఎన్‌క్రిప్ట్ చేస్తే ఆ కీని మాత్రం సర్వర్ బయట, వీలైతే కాగితం మీద కూడా ఉంచండి. అది పోతే బ్యాకప్ ఉన్నా లేనట్టే. ఇప్పటికే వీమ్ బ్యాకప్ సాఫ్ట్‌వేర్ వాడుతున్నవాళ్లకు 2024లో వచ్చిన దాని 12.2 వెర్షన్ నుంచి ప్రాక్స్‌మాక్స్ సపోర్ట్ ఉంది.

లోటు ఎక్కడంటే, పెద్ద ఐస్కజీ శాన్ పెట్టె (నెట్‌వర్క్ మీద చాలా సర్వర్లకు డిస్కు ఇచ్చేది) కొనుక్కున్నవాళ్లకు. అలాంటి పెట్టెను చాలా సర్వర్లు పంచుకునేలా చేసే వీఎంవేర్ ఫైల్ సిస్టమ్ వీఎంఎఫ్‌ఎస్‌కు సమానమైనది ఇక్కడ లేదు. షేర్డ్ ఎల్‌వీఎం (అలాంటి డిస్కును పంచుకోవడానికి వాడే లినక్స్ పద్ధతి) మీద స్నాప్‌షాట్లు 9వ వెర్షన్‌లోనే వచ్చాయి, అదీ ప్రివ్యూ హోదాలో. రోజూ స్నాప్‌షాట్ల మీద ఆధారపడి పనిచేసే బృందం ఇంకొంత కాలం ఆగడం మంచిది.

సపోర్టు చందా సాకెట్ లెక్కన, ఏడాదికి. కమ్యూనిటీ స్థాయిలో టికెట్లు (సమస్య రాసి సహాయం అడిగే వీలు) ఉండవు. బేసిక్‌లో ఒక పనిదినం, స్టాండర్డ్‌లో 4 గంటలు, ప్రీమియంలో 2 గంటల్లో జవాబు అంటారు, కానీ అవన్నీ ఆస్ట్రియా పనివేళల లెక్క. హైదరాబాద్‌లో ఉదయం పది అయ్యేసరికి వియన్నాలో వేసవిలో ఆరున్నర, చలికాలంలో ఐదున్నర. పొద్దున్నే ఓపీ మొదలయ్యే ఆసుపత్రి లాంటి చోట ఈ చందాతో పాటు, ఫోన్ చేస్తే గంటలో వచ్చే స్థానిక లినక్స్ మనిషితో వార్షిక ఒప్పందం కూడా చేసుకోండి.