కుక్కర్‌కు సిలికాన్ గ్యాస్కెట్: రెండేళ్లు దాటాక నా మాట

మా ఇంట్లో కుక్కర్ రెండు పూటలా పొయ్యి ఎక్కాల్సిందే. పాత నల్ల రబ్బరు గ్యాస్కెట్ నెలలు గడిచేకొద్దీ గట్టిపడిపోయేది. విజిల్ రాదు, మూత చుట్టూ ఆవిరి, స్టవ్ నిండా పప్పునీళ్లు. ఫ్రీజర్‌లో పెట్టి తీస్తే ఒకటి రెండు పూటలు పనిచేసి మళ్లీ మొదటికొచ్చేది. అందుకే కుక్కర్ కంపెనీవాళ్లే అమ్మే సిలికాన్ గ్యాస్కెట్ వేశాం. రెండేళ్లు దాటింది. వేలితో నొక్కి వదిలితే ఇప్పటికీ చక్కగా లేస్తుంది.

ఇంత తేడా పాలిమర్‌లోనే, అంటే రబ్బరులోని పొడవాటి అణువుల గొలుసుల్లోనే ఉంది. కుక్కర్లో ఒత్తిడి పెరిగితే నీళ్లు 100 డిగ్రీలకు కాదు, దాదాపు 120 డిగ్రీలకు మరుగుతాయి. నల్లవి ఎక్కువగా నైట్రైల్ అనే కృత్రిమ రబ్బరువి. దాని అణువుల గొలుసుల్లో కార్బన్ల మధ్య జంట బంధాలు మిగిలి ఉంటాయి. రోజూ వేడి, ఆక్సిజన్ తగులుతుంటే అక్కడే గొలుసులు ఒకదానితో ఒకటి కొత్తగా ముడిపడతాయి. దాంతో రబ్బరు బిరుసెక్కి, నొక్కుకుపోయిన చోట అలాగే ఉండిపోతుంది. సిలికాన్ రబ్బరు గొలుసు మాత్రం సిలికాన్ అనే మూలకం, ఆక్సిజన్‌ల పరమాణువులతో అల్లినది. ఆ బంధం చాలా బలమైనది, ఆక్సిజన్‌కు దొరికే జంట బంధాలు దాదాపు ఉండవు. మంచి రకం 200 డిగ్రీలకూ తట్టుకుంటుంది కాబట్టి మన వంట దానికి పెద్ద పరీక్షేమీ కాదు.

లోపాలూ ఉన్నాయి. వాసన పట్టేస్తుంది. సిలికాన్‌లోకి వాయువులు తేలిగ్గా చొరబడతాయి, సాంబారు చేసిన మర్నాడు పరమాన్నం వండితే ఇంగువ గుప్పుమంటుంది. నేను తీపి వంటలకు వేరే గ్యాస్కెట్ పెట్టుకున్నాను. ఇంకోటి, చిన్న గాటు పడితే అక్కడి నుంచి చిరుగుతుంది, చాకుతో పెకలించకూడదు. నూనెను తట్టుకోవడంలో మాత్రం నైట్రైల్‌దే పైచేయి. ధర కూడా సిలికాన్‌దే ఎక్కువ, అయినా నాకు గిట్టింది.

కొనేవాళ్లకు గట్టిగా చెప్పేది ఒకటుంది. కొన్ని కుక్కర్ల మూత అంచున చిన్న సందు ఉంటుంది. ఆవిరి దారి మూసుకుపోతే గ్యాస్కెట్ ఆ సందులోంచి బయటికి ఉబికి ఒత్తిడి వదిలేస్తుంది. అందుకు గ్యాస్కెట్ మందం, మెత్తదనం లెక్క ప్రకారం ఉండాలి. సైజు సరిపోయింది కదా అని బజార్లో దొరికిన రింగు వేయకండి. మీ మోడల్‌కు కంపెనీ సిలికాన్‌ది ఇవ్వకపోతే, నల్లదే వాడుతూ గట్టిపడగానే మార్చండి.