కార్జం వేపుడా, పాలకూర పప్పా?

గౌట్ (కీళ్లు వాచి నొప్పెట్టే జబ్బు) అనగానే చాలామంది ముందు పప్పు మానేస్తారు. పాపం, దాని తప్పేం లేదు. కందిపప్పులో ప్యూరిన్లనే పదార్థాలు ఓ మోస్తరుగా ఉన్నా, పప్పుదినుసులు గౌట్‌ను పెంచినట్టు పెద్ద అధ్యయనాల్లో కనబడలేదు. చిక్కంతా కార్జంతోనే. అందులో ప్యూరిన్లు దండిగా ఉంటాయి. అవి యూరిక్ యాసిడ్‌గా మారి, బొటనవేలి కీలులో సూదుల్లాంటి స్ఫటికాలుగా పేరుకుంటాయి. పక్కన బీరు కూడా ఉంటే ఇక చెప్పక్కర్లేదు.

కిడ్నీలో రాళ్ల దగ్గరికొస్తే లెక్క మారుతుంది. యూరిక్ యాసిడ్ రాయైతే మానాల్సింది కార్జమే. కాల్షియం ఆక్సలేట్ రాయైతే మాత్రం పాలకూరా తగ్గించాలి, అందులో ఆక్సలేట్ అనే పదార్థం ఎక్కువ. తినాలనిపిస్తే ఆకు ఉడికించిన నీళ్లు పారబోసి వండుకుని, అదే పూట పెరుగన్నం తినండి. పెరుగులోని కాల్షియం ఆక్సలేట్‌ను పేగుల్లోనే పట్టేస్తుంది. పాలకూర బదులు తోటకూర వేసినా లాభం లేదు, అందులోనూ ఆక్సలేట్ ఎక్కువే. సొరకాయ పప్పు నయం.