నాన్న స్కూటర్ కాగితాలన్నీ సరిచేసిన చిన్న షాపు

హైదరాబాద్‌లో ఉప్పల్ నుంచి బోడుప్పల్ వైపు వెళ్లే దారిలో, పంక్చర్ షాపు పక్కన ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి పేరేం లేదు, "పొల్యూషన్, ఇన్సూరెన్స్, బల్బులు" అని ఎర్ర రంగుతో రాసిన బోర్డు ఉంటుంది, అంతే. ఏడాదిగా మా ఇంట్లో రెండు బండ్ల పనీ అక్కడే చేయిస్తున్నాం. పెద్దవాళ్లు బండి నడిపే ఇళ్లలో అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

నాన్నకు అరవై ఆరేళ్లు. రిటైరయ్యాక రోజూ పొద్దున్నే స్కూటర్ మీద కూరగాయలకు వెళ్తారు. 2024 సెప్టెంబర్‌లో ఒక రోజు చౌరస్తాలో పోలీసులు ఆపారు. ఆపింది వెనక నంబర్ ప్లేటు వల్ల. ఎప్పుడో పార్కింగ్‌లో ఎవరి బండో తగిలి ఒక పక్క లాక్ ఊడిపోతే నాన్న దాన్ని ఇనుప తీగతో కట్టుకుని తిరుగుతున్నారు, అది వంగిపోయి సగం అంకెలు కనబడట్లేదు. ఒకసారి ఆపాక ఇక అన్నీ అడుగుతారు కదా, లైసెన్స్ ఉంది, ఆర్‌సీ ఉంది, పొల్యూషన్ సర్టిఫికెట్ గడువు దాటిపోయింది, ఇన్సూరెన్స్ అయితే జూలైలోనే అయిపోయింది. మూడు చలాన్లు. డబ్బు సంగతి పక్కన పెట్టండి, ఇంటికొచ్చి సంచి కింద పెట్టి "నలభై ఏళ్లు బండి నడిపాను, ఇవాళ రోడ్డు మీద దొంగలాగా నిలబెట్టారురా" అన్నారు. నీళ్ల గ్లాసు పట్టుకున్న చెయ్యి వణకడం నేను చూశాను. ఆ తర్వాత పది రోజులు బండి తియ్యలేదు.

ఇన్సూరెన్స్ ఎలా మర్చిపోయారా అని నాకే అర్థం కాలేదు, ఆ షాపు అన్న చెప్పేదాకా. మా స్కూటర్ 2019 జూలైలో కొన్నది. 2018 సెప్టెంబర్ నుంచి కొత్త టూవీలర్లకు థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ (మన బండి వల్ల ఎదుటివాళ్లకు జరిగే నష్టానికి ఉండేది) ఒకేసారి ఐదేళ్లకు కట్టాలని రూల్ వచ్చింది, సుప్రీంకోర్టు చెప్పాక. అంటే షోరూంలో ఒకసారి కట్టేసి ఐదేళ్లు దాని ఊసే ఎత్తకుండా తిరుగుతాం, ఏటా కట్టే అలవాటు ఉండదు, ఆ ఐదేళ్లు ఎప్పుడు నిండాయో గుర్తుండదు. 2018 చివర్లోనో 2019, 20లోనో కొన్న బండి మీ ఇంట్లో ఉంటే ఇప్పుడే లేచి పాలసీ తేదీ చూడండి, నిజంగా చెబుతున్నాను. మాది 110 సీసీ, థర్డ్ పార్టీ వరకే అయితే 2024లో ఏడాదికి 714 రూపాయలు ఉండేది, జీఎస్టీ అదనం. ఆ అన్న మా ముందే కంప్యూటర్‌లో తీసి, పాలసీ నాన్న వాట్సాప్‌కే పంపించాడు. ఎక్కువ కవర్ ఉన్న పాలసీ అంటగట్టాలని చూడలేదు, రెండింటికీ తేడా చెప్పి ఊరుకున్నాడు.

నాకు బాగా నచ్చింది నంబర్ ప్లేటు దగ్గర అతను చేసింది. అంతకు ముందు నేను వేరే స్టిక్కర్ షాపుకి వెళ్తే, అరగంటలో కొత్త ప్లేటు చేసిస్తాం, అంకెలు ఏ డిజైన్ కావాలంటే అది అన్నారు. ఇక్కడ ఈ అన్న చెయ్యనన్నాడు. "ఇది హై సెక్యూరిటీ ప్లేటు సార్, నేను చేసిస్తే నకిలీదవుతుంది" అని పాత ప్లేటు మీద వేలు పెట్టి చూపించాడు: ఎడమ పక్క అశోక చక్రం హోలోగ్రామ్, దాని కింద లేజర్‌తో చెక్కిన నంబరు, నీలం రంగులో ఐఎన్‌డీ. ఐదేళ్లుగా ఇంట్లో ఉన్న బండి, అవి ఉన్నాయని నేనెప్పుడూ గమనించలేదు. 2019 ఏప్రిల్ తర్వాత వచ్చిన బండ్లన్నిటికీ ఇది తప్పనిసరి, పాడైతే కొన్న షోరూంకే వెళ్లి పాతది ఇచ్చి మార్పించుకోమన్నాడు. రూపాయి రాని పని, అయినా పది నిమిషాలు కేటాయించి ఏ కాగితాలు పట్టుకెళ్లాలో చీటీ మీద రాసిచ్చాడు. నంబరు ముందుండే తెలంగాణ అక్షరాలు టీఎస్ తీసేసి టీజీ పెట్టించాలా అని నాన్న అడిగారు. అక్కర్లేదు, 2024 మార్చి నుంచి కొత్తగా రిజిస్టర్ అయ్యే బండ్లకే టీజీ, పాతవాటికి టీఎస్ అలాగే ఉంటుంది. ఈ అనుమానం చాలామందికి ఉన్నట్టుంది, మేం ఉన్న గంటలోనే ఇంకో ఇద్దరు అడిగారు.

ప్లేటు మారాక మళ్లీ రమ్మన్నాడు, వెళ్లాం. బండి స్టాండ్ వేయించి, పది అడుగులు వెనక్కి వెళ్లి ఫోన్‌తో ఫొటో తీసి, దాన్ని పెద్దది చేసి నాన్నకు చూపించాడు. చౌరస్తాలో కానిస్టేబుల్ చేతిలో కెమెరాకి మీ బండి ఇలాగే కనబడుతుంది పెద్దాయనా, అంకె స్పష్టంగా ఉండాలి, బ్రేక్ నొక్కితే లైటు వెలగాలి అన్నాడు. బ్రేక్ లైటు వెలగట్లేదని అప్పుడే తెలిసింది మాకు. బల్బు మార్చాడు, అరవై రూపాయలు. "ఆపేది కంటికి కనబడేదాన్ని బట్టి, రాసేది కాగితాన్ని బట్టి" అన్నాడు బల్బు బిగిస్తూ. ఆ మాట నాన్నకు బాగా పట్టింది, ఇప్పుడు బండి తీసే ముందు ఒక చేత్తో బ్రేక్ నొక్కి ఇంకో చెయ్యి వెనక లైటుకి అడ్డం పెట్టి, అరచేతి మీద ఎర్రగా పడిందా లేదా చూసుకుంటారు.

పొల్యూషన్ టెస్టు కూడా సరిగ్గా చేస్తాడు, ఇది చెప్పాలి. కొన్నిచోట్ల బండి స్టార్ట్ చెయ్యకుండానే కాగితం చేతిలో పెడతారు. ఇక్కడ ఇంజిన్ వేడెక్కనిచ్చి, సైలెన్సర్‌లోకి గొట్టం దూర్చి, స్క్రీన్ మీద కార్బన్ మోనాక్సైడ్, హైడ్రోకార్బన్ల అంకెలు నిలిచేదాకా ఆగుతాడు. మాది బీఎస్-4 (పొగ మీద ప్రభుత్వం పెట్టిన ప్రమాణం) బండి, ఏడాదికి ఒకసారి చేయించాలి.

పాత చలాన్లు ఉన్నాయేమో పోలీసు ఈ-చలాన్ సైట్‌లో చూశాడు. రెండున్నాయి, రెండూ అమ్మ వెనక హెల్మెట్ లేకుండా కూర్చున్నవి, ఫొటోలతో సహా. 2023 డిసెంబర్‌లో టూవీలర్ చలాన్ల మీద 80 శాతం తగ్గింపు ఇచ్చారు కాబట్టి మళ్లీ ఇస్తారని చాలామంది కట్టకుండా కూర్చుంటున్నారు. నా మటుకు నాకది మంచిది కాదనిపిస్తుంది, రేపు ఏ చెకింగ్‌లోనో బండి నంబరు కొట్టగానే బాకీలన్నీ కనబడతాయి, రెండు నిమిషాల్లో వదిలేసేవాళ్లు అరగంట నిలబెడతారు. అక్కడే కట్టేశాం, అమ్మకి ఐఎస్ఐ గుర్తున్న హెల్మెట్ వేరే చోట కొన్నాం. బకిల్ పెట్టుకోకపోతే అది ఉన్నా లేనట్టే, అమ్మకి ఇంకా రోజూ గుర్తు చెయ్యాల్సి వస్తోంది.

కాగితాలు ఫోన్‌లో పెట్టుకోవడం కూడా అతనే నేర్పాడు. ఆర్‌సీని ఫొటో తీసి గ్యాలరీలో పెట్టుకుంటే చెల్లదు, పత్రాలు దాచుకునే ప్రభుత్వ యాప్ డిజిలాకర్‌లోనైనా మనం ఎక్కించిన ఫొటో కాకుండా ప్రభుత్వ శాఖ జారీ చేసినట్టుగా వచ్చిన పత్రం ఉంటేనే ఒరిజినల్‌తో సమానం. 2018 నవంబర్‌లో మోటారు వాహనాల రూల్ మార్చి ఫోన్‌లో చూపించవచ్చని రాశారు. మన తెలంగాణలో రవాణా శాఖ యాప్ ఆర్‌టీఏ ఎం-వాలెట్ 2016లోనే వచ్చింది. అయినా నాన్న లైసెన్స్ కార్డు జేబులోనే పెట్టుకుంటారు, ఛార్జింగ్ అయిపోతే ఏం చేస్తావు అంటారు. అదీ నిజమే.

చెకింగ్ కనబడగానే యూటర్న్ కొట్టొద్దని కూడా చెప్పాడు నాన్నకు. మీ దగ్గర అన్నీ ఉన్నాయి, ఎడమ పక్కకి తీసి ఇంజిన్ ఆపి కాగితం ఇవ్వండి, చలాన్ రాస్తే నంబరు అడగండి, వాదన పెట్టుకోకండి అన్నాడు.

లోపాలు లేకపోలేదు. నీడ లేదు, పెద్దవాళ్లు కూర్చోవడానికి ఒక్కటే స్టూలు. పొద్దున పది దాటితే ఆటోల లైను, గంట పైనే పడుతుంది. ప్రింటర్ ఇంకు పలచగా ఉండి మొదటి సర్టిఫికెట్ మీద తేదీ సరిగ్గా కనబడలేదు, అడిగితే మళ్లీ తీసిచ్చాడు. ఆదివారం తియ్యడు. ఐదుకి నాలుగున్నర ఇస్తాను, ఆ అర పాయింటు నీడ లేనందుకే.

నాన్న మళ్లీ కూరగాయలకు బండి మీదే వెళ్తున్నారు, అదే చౌరస్తా మీదుగా. మీరు వెళ్తే ఆర్‌సీ, పాత పాలసీ కాపీ, ఓటీపీలు వచ్చే ఫోను పట్టుకెళ్లండి, ఎనిమిదిన్నరకల్లా అక్కడ ఉండండి.