వానపాముల డ్రమ్ము: నాలుగేళ్ల వాడకం తర్వాత

ఇప్పుడు మహారాష్ట్ర చంద్రపూర్ జిల్లాలో ఉన్న మా రాజురా 1956 దాకా ఆదిలాబాద్ జిల్లాలోదే. జిల్లా మారింది, రాష్ట్రం మారింది, కాళ్ల కింద సున్నపురాయి మాత్రం అదే. చుట్టూ సిమెంటు ఫ్యాక్టరీలు ఊరికే వచ్చాయా? బోరు నీళ్లు కాస్తే గిన్నె అడుగున తెల్లటి అట్ట. కుండీల అంచులకూ అదే. కరివేపాకు కొత్త చిగురు ఈనెలు పచ్చగా, మిగతా ఆకంతా పసుపుగా వచ్చేది. నీళ్లలో కరిగి ఉన్న సున్నపు లవణాలు, అంటే బైకార్బనేట్లు, మట్టిని క్షారంగా మారిస్తే, ఇనుము అందులోనే ఉన్నా వేరుకు అందదు.

వానపాముల బెడ్డు మీంచి వడిస్తే నీళ్లలో సున్నం పోయి మెత్తబడతాయని ఎవరో చెబితే, 200 లీటర్ల పాత డ్రమ్ముకు అడుగున నల్లా బిగించాను. కింద కంకర, ఆపైన ఇసుక, కొబ్బరిపీచు, పైన పేడ, రాలిన ఆకులు. తొందరలో పచ్చిపేడే వేసేశాను. అది వేడెక్కి, తెల్లారేసరికి పాములన్నీ డ్రమ్ము అంచులెక్కాయి. ‘గాండూళ్, గాండూళ్’ (మరాఠీలో వానపాములు) అని పక్కింటి కాకూ, అంటే పిన్నిగారు, కేకేస్తే గానీ చూసుకోలేదు.

అసలు సంగతి చెప్పాలంటే, నీళ్లు మెత్తబడవు. వడిసిన నీళ్లలో టీడీఎస్ మీటరు (కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపేది) ముంచితే బోరు నీళ్లకంటే ఎక్కువే చూపించింది. ఎరువులోని లవణాలూ వచ్చి కలుస్తాయి మరి. వానపాముల గొంతు దగ్గర సున్నం ఊరే గ్రంథులుంటాయి, 1881లోనే డార్విన్ వాటి గురించి రాశాడు. కానీ ఆ కాస్త సున్నంతో మన బోరు లెక్క తేలేది కాదు.

అయినా డ్రమ్ము తీసెయ్యలేదు. ఆరు నెలలకు కరివేపాకు చిగురు పచ్చబడింది. కుళ్లిన ఆకుల్లోంచి దిగే హ్యూమిక్ పదార్థాలు ఇనుమును పట్టి ఉంచి వేరుకు అందిస్తాయి. డ్రమ్ములోంచి దిగే ఆ టీ డికాషన్ రంగు నీళ్లకు అంతకంత మామూలు నీళ్లు కలిపి పోస్తాను. మల్లెకు పెద్ద తేడా లేదు. దొండపాదు ఏం పోసినా కాస్తుంది, దాని సాక్ష్యం చెల్లదు.

మే నెలే గండం. ఇక్కడ ఎండ 45 డిగ్రీలు దాటుతుంది. రెండో ఏడు మూడు రోజులు ఊరెళ్లొస్తే పై పొర పొడిపొడి, పాములు దారప్పోగుల్లా ఎండిపోయి ఉన్నాయి. ఇప్పుడు వేపచెట్టు నీడన పెట్టి తడి గోనెసంచి కప్పుతున్నా. నల్లా మూతికి పేరుకునే సున్నాన్ని నిమ్మచెక్కతో రుద్దుతా. వానాకాలంలో మాత్రం దాబా మీంచి పట్టిన వాన నీళ్లే మొక్కలకు, డ్రమ్ముకు కూడా. నిజంగా మెత్తటివి అవే.

కాకూ తన గులాబీలకని వారానికో చెంబు పట్టుకెళ్తుంది. సున్నం పోలేదని మీటరు పెట్టి చూపించినా వినదు.